షాక్ అబ్జార్బర్‌కి జత

నేను సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా చేరిన రోజులు. అమీర్‌పేటలో కిక్కిరిసిన బస్సెక్కి నిలబడితే, సీట్లో ఉన్న పెద్దాయన అడక్కుండానే నా సంచీ అందుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. బరువుకి ఉలిక్కిపడి లోపలికి చూశాడు. మా పాత కారుకి అప్పుడే షాపులో కొన్న షాక్ అబ్జార్బర్, అసలైన కంపెనీ సరుకు. ఆ నెల జీతంలో మిగిలిందంతా దానికే పోయింది.

“ఇంకోటేది తమ్మీ?”

“ఒకటే పాడైందండీ. డబ్బులూ ఒకదానికే ఉన్నాయి.”

“బండిల ఎవరు కూసుంటరు?”

“అమ్మ. నడుం ఆపరేషనైంది. రేపు ఇంటికి తేవాలి.”

“ఒక్కటే మారిస్తే బండి ఒక దిక్కు ఒరుగుతది. గీ పైసలకే లోకల్‌ది జత వస్తది. వాపస్ ఇయ్యి.”

“దేవుడొచ్చినా వాపసు తీసుకోనన్నాడండీ షాపువాడు.”

“దేవునికి బేరం రాదు,” అని సంచీ భుజానేసుకుని, నాతోపాటు పంజాగుట్టలో దిగి, వెనక్కి ఆ షాపుకి నడిచాడు.

ఆయన బేరంతో అరగంటలో లోకల్ జత నా చేతికొచ్చింది. ఆయన అసలు ఎక్కడ దిగాలో నేను అడగనేలేదు.