శుభలేఖలకు వేసిన దారి

చెల్లెలి పెళ్లి శుభలేఖలు పంచడానికి నాయనా నేనూ ఉదయగిరి నుంచి కారులో బయలుదేరిన రోజు నేను మహా గర్వంగా ఉన్నాను. ఏ ఊరి తర్వాత ఏ ఊరికి వెళ్తే దారి తగ్గుతుందో కంప్యూటర్ చేత లెక్క వేయించాను. ఊళ్లు పెరిగేకొద్దీ అన్ని దారులూ సరిచూడటం కంప్యూటర్‌కైనా అయ్యే పని కాదు, ఉజ్జాయింపు పద్ధతులే గతి. ఆ ఉజ్జాయింపులు ఎంత బాగున్నాయో తేల్చడమే ఆత్మకూరు కాలేజీలో నేను చెప్పే పాఠం.

చెత్త దారితో పోల్చి మనది బాగుందని చంకలు గుద్దుకునేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. అసలు ఏ దారైనా ఇంతకన్నా తగ్గదు అనే హద్దు ముందు కట్టాలి. మన జవాబు దానికి ఎంత దగ్గరుంటే అంత మంచిది. నాది దాదాపు హద్దును ఆనుకునే ఉంది. నాయన కూడా మురిసిపోయి, "నువ్వు చెప్పినట్టే పోదాం పా" అన్నాడు.

కొండాపురంలో ఇచ్చేసి అనుమసముద్రంపేట చేరేసరికి అనంతసాగరం నుంచి మేనత్త ఫోన్. అమ్మ పోయాక చెల్లెల్ని పెంచింది ఆవిడే. నా దారిలో ఆమెది చివరి ఊరు.

"కొండాపురంలో కార్డు చేతిలో పెట్టి వచ్చేసినారంటనే. బాగుండాది," అని పెట్టేసింది.

నాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అత్త అలిగి పెళ్లికి రాకపోతే చెల్లెలు పీటల మీద కూర్చోదు; అది ఇద్దరికీ తెలుసు. మిగతా ఊళ్లు వదిలేసి నేరుగా అనంతసాగరం పోయాం. ఆమె ఊరిని మొదట పెట్టినా దారి పెద్దగా పెరిగేది కాదు కదా అని నాలో నేనే గొణుక్కున్నాను.

అత్త పట్టుచీర కట్టుకుని వరండాలో కూర్చుని ఉంది. ఒళ్లో కుంకుమ భరిణె. శుభలేఖ అందించబోతే ముట్టుకోలేదు.

"తప్పయిపోయింది అత్తా. మొదట నీ దగ్గరికే రావాల్సింది."

"మొదట ఇస్తే మాత్రం తీసుకుంటాననుకున్నావా? తల్లికి కార్డిస్తార్రా ఎవరైనా?" నాయన వైపు తిరిగింది. "మగోళ్లిద్దరే పోతే ఆడోళ్లకి బొట్టెవరు పెట్టినారు? ఇదేం పిలుపురా?"

నా లెక్కలో ఆమె ఒక ఊరు. మాతో కారులో ఉండాల్సిన మనిషని హద్దు కట్టేటప్పుడు నాకు తోచనే లేదు. శుభలేఖ జేబులో పెట్టుకుని, వెళ్లి కారు తలుపు తీశాను.

అత్త వచ్చి ముందు సీట్లో కూర్చుంది. నాయన వెనక్కి మారాడు.

"ఇంకా ఏంది చూస్తా ఉండావు? కొండాపురం పోనీ. మొదట్నుంచి పిలవాల."