ఫీజు పదో వంతే

ముందు పోయినవి రాస్తాను. ఎనభైల మొదట్లో తెల్లదోమకు రెండెకరాల కౌలు పత్తి పోయింది. పాలిచ్చే గేదె పోయింది. అమ్మ చెవి కమ్మలు పోయాయి. అయిదో నెలలో నా డిగ్రీ చదువు పోయింది. ఫీజు కట్టాం గానీ, నెలనెలా మెస్ బిల్లు ఉంటుందని మా ఇంట్లో ఎవరూ లెక్క వేయలేదు.

తిరిగొచ్చి సత్తెనపల్లిలో ఒక మిరపకాయల కొట్లో కాటా దగ్గర చేరాను. లెక్క అక్కడే నాకు నేనుగా నేర్చుకున్నాను. బస్తా ఎంత తూగినా రైతుకు అంతకూ డబ్బు రాదు. గోతానికింత, తేమకింత తరుగు తీస్తారు. తరుగు మరిచి ఖర్చు వేసుకున్న రైతుకు తిరుగు బస్సు చార్జీ కూడా మిగలదు.

మూడేళ్లకు చెల్లెలికి గుంటూరులో బీఎస్సీ సీటు వచ్చింది. తను నాలాగా మధ్యలో తిరిగి రాకూడదు. కాలేజీ ఫీజు, పది నెలల మెస్, బస్సు చార్జీలు, రికార్డు పుస్తకాలు, సబ్బు, నూనె, పరీక్ష ఫీజు అన్నీ వేశాను. రేట్లు పెరిగితే పనికొస్తుందని పైన నూటికి పది తరుగు కలిపాను. స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి దాన్ని సున్నా అనుకున్నాను. ఏడాదికి రెండు వేల నాలుగు వందల నలభై తొమ్మిది తేలింది. అందులో ఫీజు పదో వంతే.

"ఏరా, పిల్లని కాలేజీకి పంపుతున్నావా, కాటా ఎక్కిస్తున్నావా?" అంది అమ్మ.

"అన్నయ్యా, నెలకి ఎన్ని సబ్బులు రాశావు?" అని చెల్లెలు అడిగింది.

"ఒకటిన్నర."

"ఆ సగం సబ్బు ఎవరమ్ముతారో నువ్వే కొనుక్కురా!"

నా జీతం రెండు వందల అరవై. అందులో రెండు వందల అయిదు ఒకటో తేదీనే పక్కన పెట్టేవాణ్ణి. ఇల్లు అమ్మ కూలితో నడిచింది. మూడేళ్లలో చెల్లెలి మెస్ బిల్లు ఒక్క నెల ఆగలేదు.

చివరి ఏడాది మెస్ రేటు పెరిగి తరుగు సొమ్మంతా తినేసింది. సరిగ్గా అప్పుడే చెల్లెలి చేతిలో ల్యాబ్‌లో గాజు సామాను పగిలింది. ముప్పై అయిదు రూపాయలు కడితే గానీ హాల్ టికెట్ ఇవ్వరు. పగిలేవి నా లెక్కలో లేవు. నాకు కబురు అందేలోపే ల్యాబ్ అటెండరు గారు తన జేబులోంచి కట్టేశారట. "ముందు పరీక్ష రాయమ్మా, డబ్బులెక్కడికి పోతాయి?" అన్నారట.

చెల్లెలు ఫస్టు క్లాసులో పాసయింది. మా బజారులో అదే మొదటి డిగ్రీ. అమ్మ ఆ మార్కుల కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరిగి, చదవడం రానివాళ్లకి కూడా చూపించింది. నేను కొట్లో అందరూ వినేలా చెప్పాను: మూడేళ్లకు ఏడు వేల మూడు వందల నలభై ఏడు వేస్తే, తప్పింది ముప్పై అయిదు!

ఆ డబ్బు తీసుకుని గుంటూరు వెళ్లేసరికి అటెండరు గారికి బదిలీ అయింది. ఏ ఊరో ఎవరూ చెప్పలేకపోయారు. తర్వాత రెండుసార్లు వెళ్లి అడిగినా తెలియలేదు. ఆయనకు నేను ఈ రోజుకీ బాకీ ముప్పై అయిదు రూపాయలు.