నీలి రొయ్యల తొట్టిలో తునికాకు

ఈ ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు, ఖమ్మంలోని మా వంటగదిలో, లీటరు మరిగే నీటిలో నాలుగు ఎండుటాకులు వేశాను. మూడు నిమిషాల్లో నీరు పలుచని తేనె రంగుకు తిరిగింది. ఐదో నిమిషంలో వాసన లేచింది. వానకు తడిసిన కట్టెల అడితికి కాస్త టీ డికాక్షన్ వగరు కలిపితే ఎలా ఉంటుందో అలాంటి వాసన. ఇక్కడికి కొత్తగూడెం ఎనభై కిలోమీటర్లు. ఆ వాసనకు మాత్రం అది ఒక్క ఊపిరి దూరం. స్టవ్ ఆపేసి కళ్ళు మూసుకున్నానో లేదో, స్వరూప మేడమ్ నా భుజం మీదుగా గిన్నెలోకి తొంగిచూస్తున్నట్టే అనిపించింది.

మా ఇంట్లో అరవై లీటర్ల గాజు తొట్టిలో మంచినీటి రొయ్యలు ఉన్నాయి. కూర వండుకునేవి కావు. ఎంత పెరిగినా చిటికెన వేలి రెండు కణుపులకు మించవు. వాటికి ఎండుటాకే ఇల్లు, ఎండుటాకే మేత. ఆకు నీటిలో నానినకొద్దీ దాని మీద కంటికి ఆనని సూక్ష్మజీవులతో ఒక పలుచని జిగురు పొర ఏర్పడుతుంది. పిల్ల రొయ్యలు పుట్టిన రోజు నుంచే ఆ పొరను గీక్కుని తింటాయి. నెల తిరిగేసరికి ఆకు కరిగిపోయి ఈనెలు మాత్రం జల్లెడలా మిగులుతాయి. ఇంత చిన్న ప్రాణి అంత పెద్ద ఆకును అంత శుభ్రంగా తినడం మొదటిసారి చూసినప్పుడు నేను చప్పట్లు కొట్టాను. పక్కన నిలబడి నాకంటే గట్టిగా కొట్టినావిడ స్వరూప మేడమ్.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ముగించి నేను చేరిన మొదటి ఉద్యోగం కొత్తగూడెంలోని ఒక చిన్న నీటి పరీక్షల ల్యాబులో. బోరు నీళ్ళు, బావి నీళ్ళు, ఊళ్ళలోని ఆర్వో ప్లాంట్ల నీళ్ళు సీసాల్లో వచ్చేవి. మేము కొలిచి అంకెలు చెప్పేవాళ్ళం. ల్యాబు ఇన్‌చార్జి స్వరూప మేడమ్. బొగ్గుగని కార్మికుడి కూతురు, క్వార్టర్సులో పుట్టి పెరిగిన మనిషి. పొట్టిగా ఉండేవారు, గబగబా నడిచేవారు. గదిలోకి మనిషి కంటే మాట ముందు వచ్చేది. నేను చేరిన రోజు కిటికీ పక్కన బల్ల మీద గాజు తొట్టి, దానిలో తిరుగుతున్న నీలి రంగు రొయ్యలు చూసి ఆగిపోయాను.

"ఇవేంది మేడమ్, ల్యాబుల?"

"మన సీనియర్ స్టాఫ్ బిడ్డా. మిషన్లు కరెంటు పోతే పన్జెయ్యయి. ఇవి కరెంటు పోయినా డ్యూటీల ఉంటయి. నీళ్ళల్ల ఏ కొంచెం తేడా వచ్చినా మనకంటె ముందు ఇవే చెప్తయి."

"ఎట్ల చెప్తయి?"

"చచ్చి చెప్తయి. గందుకే మనం జల్దీ వినాలె."

ఆ నీలం వెనుక ఆరేళ్ళ పని ఉంది. హైదరాబాదు నుంచి ఆవిడ తెచ్చుకున్నవి మామూలు గోధుమ రంగు రొయ్యలు. వాటి పిల్లల్లో ఒకదాని వీపు మీద ఇంకు చుక్క పడినట్టు నీలి ఛాయ కనిపించిందట. దాన్ని వేరు చేశారు. దాని పిల్లల్లో నీలం ఎక్కువున్నవాటిని ఏరారు. మళ్ళీ వాటి పిల్లల్లో ఏరారు. గోధుమ రంగు తేలినవాటిని పెరట్లోని సిమెంటు తొట్టికి మార్చేవారు. నేను చేరేనాటికి కిటికీ తొట్టిలోవి తల నుంచి తోక దాకా నీలమే. "ఇంకొక్క ఏడాది నిలిస్తే ఈ రంగు పక్కా అయినట్టే. కానీ ఇవి పోతే మళ్ళ మొదలుపెట్టనీకి విత్తనం లేదు, యాద్ పెట్టుకో. ఇంకెవ్వల తాన లెవ్వు" అని నాకు మొదటి వారమే చెప్పారు. అందుకే ఆవిడకు ఒక కట్టుబాటు ఉండేది. తొట్టిలోకి ఏ కొత్త వస్తువు పోవాలన్నా, ముందు దాన్ని పెరటి తొట్టిలోని ఒక గోధుమ రొయ్యతో కలిపి సీసాలో ఉంచి, వారం చూసేవారు. దానికి సాక్షి సీసా అని పేరు. రాయి, నాచు, చివరికి కొత్త దారం ముక్క కూడా సాక్షి సీసా దాటకుండా లోపలికి పోయేది కాదు.

ఆకుల కోసం క్వార్టర్స్ వీధిలో ఒక బాదం చెట్టు ఉండేది. ఎర్రబడి రాలిన ఆకులను ఏరి, కడిగి, సంచుల్లో దాచేవారు. ఆ ఏడు కరెంటు తీగలకు అడ్డమని చెట్టును కొట్టేశారు. వేసవి నడిమికి సంచులు ఖాళీ అయ్యాయి. అప్పుడు జోగయ్య తునికాకు కట్ట తెచ్చాడు. జోగయ్య మా డ్రైవరు. ఊళ్ళు తిరిగి నీటి సీసాలు తెచ్చేది అతనే. దుమ్ముగూడెం వైపు అడవి అంచున వాళ్ళ ఊరు. ఎండలు ముదిరే రోజుల్లో అక్కడ ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే అడవికి పోయి తునికాకు కోస్తారు, యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టి, కల్లంలో పరిచి ఎండబెడతారు. అది బీడీలకు పోయే ఆకు. మా ప్రాంతంలో ఎండుటాకు అంటే ఎవరి కళ్ళ ముందయినా మెదిలేది ఆ కల్లమే.

"మూడు ఎండలు తిన్న ఆకు మేడమ్. మా అమ్మ కోసిన ఆకు. బీడీలోళ్ళకు పోయే సరుకు మీ రొయ్యలకని తెచ్చిన" అన్నాడు జోగయ్య.

"అంటే నా రొయ్యలకు బీడీలు అలవాటు చేస్తవన్నట్టు."

"మగ రొయ్యలే తాగుతయి లే మేడమ్. ఆడయి తిడ్తయి."

మేడమ్ నవ్వుతూనే ఆకును వెలుగుకు పట్టి చూశారు. ఎక్కడా మచ్చ లేదు, పురుగు కొరుకుడు లేదు, ఒకే సైజు ఆకులు. బాదం ఆకులాగే ఇందులోనూ వగరు ఉంటుంది, పనికొస్తుంది అన్నారు. ఆ మాట నిజమే. సాక్షి సీసా కడిగి పెట్టమంటారా అని అడిగాను.

"మన ఆకే గద బిడ్డా. పుట్టినకాడి నుంచి చూస్తున్న ఆకు. దీనికేం పరీక్ష?"

శనివారం మధ్యాహ్నం, రొయ్యలను లెక్కపెట్టుకుని, పన్నెండు ఆకులు నానబెట్టి తొట్టిలో వేశారు. ఆదివారం సెలవు.

సోమవారం తలుపు తీయగానే పుల్లని వాసన కొట్టింది. తొట్టి బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. నీలి రొయ్యలన్నీ పైకి చేరి, నీటి అంచున, ఫిల్టర్ పైపు మీద ఒకదానిపై ఒకటి ఎక్కి ఉన్నాయి. అడుగున పడినవి ఉడికించినట్టు లేత గులాబీ రంగుకు మారాయి. పొట్ట కింద గుడ్లున్న పెద్ద ఆడ రొయ్యలే ఎక్కువగా పడ్డాయి. మేడమ్ రెండు చేతులూ తొట్టి అద్దానికి ఆనించి ఒక్క క్షణం నిలబడ్డారు. తర్వాత వల అందుకున్నారు: "పెరటి తొట్టిలకు మార్చేద్దాం. జల్దీ!"

నా చేతిలో అప్పటికే మీటరు ఉంది. మామూలుగా లీటరుకు ఏడు మిల్లీగ్రాములు ఉండే ఆక్సిజన్ రెండుకు లోపు చూపుతోంది. నీటిని విషం చేసే అమ్మోనియా ఉన్నా లేనంత. ఉద్యోగంలో చేరి ఏడాది కాని నేను, ఆవిడ చేతిలోని వల పట్టుకుని ఆపాను.

"మార్చొద్దు మేడమ్. విషం కాదు, ఊపిరాడ్తలేదు. పెరటి నీళ్ళు ఎండకు కాగి ఉన్నయి, ఒక్కసారి మారిస్తే ఆ తేడాకే పోతయి. ఇక్కడే గాలి పెడదాం. ఆకు తీసేసి గాలి పెడదాం."

ఆవిడ నా ముఖం చూశారు. "కొలిచినవా, అనుకుంటున్నవా?"

"కొలిచిన."

"అయితే నువ్వు చెప్పు, నేను చేస్త."

ఆ తర్వాతి మూడు గంటలంత వేగంగా గడిచిన గంటలు నా జీవితంలో ఇంకెప్పుడూ లేవు. ఆకులు తీసేశాం. మేడమ్ స్టూలెక్కి, మగ్గుతో తొట్టి నీటినే ముంచి, ఎత్తు నుంచి మళ్ళీ తొట్టిలోకి పోస్తున్నారు, నీరు చిలికి గాలి కలవాలని. జోగయ్య బజారుకు పరుగెత్తి రెండు ఎయిర్ పంపులు తెచ్చాడు. నేను పక్క మెడికల్ షాపులో సెలైన్ పైపు కొని, నిల్వ ఉంచిన మంచినీటి బకెట్‌ను బీరువా మీద పెట్టి, చుక్క చుక్కగా తొట్టిలోకి వదిలాను. అరగంటకోసారి అంకె అరిచేదాన్ని. రెండున్నర! మూడు! మూడు పాయింట్ ఆరు! ప్రతి అంకెకు స్టూలు మీది నుంచి "శబాష్!" అని కేక. అంకె ఐదు దాటాక, పైపు మీది రొయ్యలు ఒక్కొక్కటే దిగి అడుగుకు ఈదాయి. మేడమ్ చీర మోకాళ్ళ దాకా తడిసిపోయింది.

జోగయ్య గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. "నా వల్లనే అయింది మేడమ్."

"నీ వల్ల ఏందయ్యా? నువ్వు ఆకు తెచ్చినవ్. తొట్ల వేసింది నేను. నా తప్పు నువ్వు గుంజుకుంటవేంది? నాకున్నదే అదొక్కటి" అన్నారు మేడమ్. జోగయ్య నవ్వాలో ఏడవాలో తెలియక మగ్గు కడగడానికి పోయాడు.

చనిపోయినవాటిని ఒక్కొక్కటే తీసి లెక్కపెట్టాం. మధ్యాహ్నానికి ఆవిడకు కొత్త పట్టుదల పట్టుకుంది. బాదం ఆకు ఆరేళ్ళు చేయని పని తునికాకు ఒక్క ఆదివారంలో ఎందుకు చేసింది? కల్లంలో పడ్డ దుమ్మని జోగయ్య అన్నాడు. ఆకులో వగరు మోతాదు ఎక్కువై ఉంటుందని నేను అన్నాను. ఆవిడ ఇద్దరినీ కాదనలేదు, "చెట్టు మీదనే పండి రాలిన తునికాకు దొరుకుతదా?" అని అడిగారు. రాలిన ఆకును ఎవరు ఏరతారు మేడమ్ అని జోగయ్య నవ్వాడు. ఆ తర్వాతి ఆదివారం ముగ్గురం బయలుదేరాం.

జోగయ్య ఊరు దాటాక వాగు వెంట నడిచాం. వేసవికి వాగు తెగి మడుగులుగా మిగిలింది. లేత ఆకు కోసం తునికి పొదలను కొట్టేసిన చోట నేల బోసిగా ఉంది. ఒక మడుగు వంపులో మాత్రం, ఎన్ని నెలల కిందటివో, రాలిన ఆకులు పొరలు పొరలుగా పేరుకుని ఉన్నాయి. నీరు టీ రంగులో ఉంది, కానీ అడుగు రాయి కనిపించేంత తేట. మేడమ్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక ఆకు పొరను మెల్లగా ఎత్తారు. దాని కింద గాజు ముక్కల్లా ఏవో చెదిరాయి. నిలబడ్డ చోటనే నాకు ఒళ్ళు పులకరించింది. వాగు రొయ్యలు! వెనక్కి తిరిగి మేడమ్ పెట్టిన కేకకు చెట్టు మీది పిట్టలు లేచిపోయాయి: "అరే బిడ్డా, మనం తొట్ల చేస్తున్నది వాగు ఎన్నడో చేసి పెట్టుకున్నదే!"

మూడు సీసాలు పెట్టాం. ఒకదానిలో కల్లం ఆకు ఉన్నదున్నట్టు, ఒకదానిలో అదే ఆకు బాగా కడిగి, ఒకదానిలో వాగు పక్కన రాలి ఎండితే ఏరిన తునికాకు. మూడింటిలోనూ ఒకే బరువు. రెండో రోజుకు మొదటి రెండూ తెల్లబడ్డాయి, ఆక్సిజన్ పడిపోయింది. మూడోది తేటగా, తేనె రంగులో నిలిచింది. కడిగినదీ చెడింది గనుక దుమ్ము కాదు. కల్లందీ వాగుదీ తునికాకే గనుక ఆకు జాతి కాదు. తేడా ఒక్కటే. చెట్టు ఆకును వదిలే ముందు దానిలోని చక్కెరను, సత్తువను వెనక్కి లాక్కుంటుంది. పచ్చిగా కోసిన ఆకులో అదంతా అలాగే ఉండిపోతుంది. ఎండ దాని తడిని తీస్తుంది గాని తీపిని తీయదు. నీటిలో పడగానే ఆ తీపి మీద సూక్ష్మజీవులు విరుచుకుపడి ఊపిరంతా తాగేశాయి.

"దొరికింది! తప్పు దొరికింది!" అంటూ ఆవిడ సీసా పట్టుకుని వీధిలోకి వెళ్ళారు. టీ కొట్టు యాదగిరి గ్లాసులు వదిలి వచ్చాడు.

"ఏం మేడమ్, లాటరీ తగిలిందా?"

"తప్పు దొరికిందయ్యా!"

"ఎవరిది?"

"నాదే! నువ్వు అందరికీ టీ పొయ్యి."

బతికిన నీలి రొయ్యల్లో ఒక్కటీ ఆడది లేదు. గుడ్లతో ఉన్నవాటికి ఊపిరి ఎక్కువ కావాలి, అవి ముందే పోయాయి. మగవాటిని పెరటి గోధుమ ఆడ రొయ్యలతో కలిపాం. రాలిన తునికాకు మీద మొదటి పిల్లలు కనిపించిన రోజు ఆవిడ భూతద్దం పట్టుకుని మధ్యాహ్నం భోజనం మరిచిపోయారు. ఈ తరం గోధుమగానే వస్తుంది, వచ్చే తరంలో కొన్నయినా నీలం తిరిగి రావచ్చు అని లెక్క చెప్పారు. ఇద్దరం ఆ లెక్కను నమ్మి, రోజూ ఉదయం సంచి కింద పెట్టకముందే తొట్టి దగ్గరికి పోయేవాళ్ళం. రెండో తరం పెరిగింది. గోధుమే. మూడో తరమూ గోధుమే. ఆ రోజు ఆవిడ బయటికి పోయి రెండు టీలు తాగి వచ్చి, "ఇయ్యాల శాంపిల్స్ ఎన్ని వచ్చినయ్?" అని అడిగారు. ఆ రోజు ఆవిడ కొలిచిన ప్రతి అంకె రెండోసారి కొలిచినా అంతే వచ్చింది.

ఇప్పుడు నేను మరో ల్యాబుకు ఇన్‌చార్జిని. మా దగ్గరా తప్పులు జరుగుతాయి. ఎక్కడో అంకె పొసగదని తెలిసిన ఉదయం నా పిల్లలు, అంటే నా ట్రైనీలు, తల దించుకుంటారు. నాకు మాత్రం భయం కంటే ముందు కాళ్ళలో పరుగు పుడుతుంది: కారణం ఇక్కడే ఎక్కడో ఉంది, వెతికితే దొరుకుతుంది. ఆ పరుగు ఆవిడది. అలాగని ఆ పరుగు పోయినదాన్ని తిరిగి తెస్తుందని ఎవరికీ చెప్పను, ఎందుకంటే లెక్క నాకు తెలుసు.

శనివారం ఉన్న నీలి రొయ్యలు నూట నలభై. సోమవారం సాయంత్రానికి చనిపోయినవి నూట ఇరవై తొమ్మిది. మిగిలినవి పదకొండు, అన్నీ మగవి. వేసిన ఆకులు పన్నెండు. పోయిన పని ఆరేళ్ళది. తర్వాత పుట్టిన నీలి రొయ్యలు, సున్న.