వెనక పూసిన తేనెటీగ పూలు

ఆర్గిరో ఉత్తరాలు పంచడం మానేసి ఏడేళ్లయింది. మోకాళ్ల నొప్పులు మాత్రం మానలేదు, మెట్టు కనబడితే చాలు మూలుగు. అయినా వరసగా మూడో రోజు పీట మోసుకుని ఆ వాలు మీదికి వచ్చి కూచుంది. గ్రీసు దీవి క్రీటు కొండల్లో ఏప్రిల్ ఎండ హాయి అంటారు. రోజంతా కూచున్నవాళ్లని అడగాలి.

ఎదురుగా ముళ్ల పొదల మధ్య పదకొండు తేనెటీగ పూలు. అచ్చం ఆడ తేనెటీగ వచ్చి వాలినట్టుంటుంది ఒక్కో పువ్వు, వాసనా దానిదే. మగ ఈగ నిజమనుకుని వచ్చి, మోసపోయి, పుప్పొడి మోసుకుపోతుంది. ఊళ్లోవాళ్లకి ఇలాంటివన్నీ ఒకటే. ఆర్గిరోకి కావు. సంచి భుజానేసుకుని ముప్పై ఏళ్లు ఈ దారినే తిరిగింది మరి. మార్చిలో పూసే పెద్దవి వాడిపోయాక, ఈ ఒక్క వాలులోనే చిన్నగా, నల్లగా ఇవి తలెత్తుతాయి. ఆ సంగతి పట్నంలో పూల శాస్త్రం చెప్పే పెద్దాయనకి రాస్తే ఆయన తిరిగి రాశాడు: "ఇవి వేరే జాతా, లేక ఆలస్యంగా పూసిన ఆ పెద్దవేనా? ఏ మగ ఈగ వస్తుందో చూస్తే తేలుతుంది. చూసి చెప్పండి."

చెప్పక తప్పదు. ఎందుకంటే వాలు ఆమె చిన్నాన్న కొడుకు మనూసోస్‌ది. అక్కడ మట్టి తవ్వించి ఆలివ్ మొక్కలు పెట్టాలని అతని ఆశ. అక్క మాట కోసం రెండేళ్లు ఆగాడు. సోమవారం యంత్రం వస్తోంది.

"వేరే అను, వదిలేస్తా. అవే అను, తవ్వేస్తా. ఏదో ఒకటి అనవే తల్లీ!" అన్నాడు మొన్న.

మనవళ్లందరికీ తాత పేరే పెట్టే ఊరది. అందుకని ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న మనూసోస్‌లు నలుగురు. గొర్రెల మనూసోస్, ఎర్ర మనూసోస్, కబుర్ల మనూసోస్, మెట్ల పక్కింటి ఇతను మెట్ల మనూసోస్. ఇరవై ఏళ్ల కిందట ఆసుపత్రి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఏ మనూసోస్‌కో దాని మీద లేదు. గొర్రెలవాడికి దగ్గు కదా, వాడికే అయ్యుంటుందనుకుంది ఆర్గిరో. వాడికి చదువు రాదు, తీసుకుని దేవుడి పటం వెనక దోపాడు. కంటి ఆపరేషన్‌కి రమ్మన్న తేదీ ఆ పటం వెనకే దాటిపోయింది. మెట్ల మనూసోస్‌కి ఎడమ కన్ను పోయింది. అప్పట్నుంచి అతను ఒంటికన్ను మనూసోస్. ఆ పేరు పెట్టింది ఊరు కాదని ఆర్గిరోకి తెలుసు.

మొదటి రోజు ఏమీ రాలేదు. రెండో రోజు చీమలొచ్చాయి, ఒక మేక వచ్చింది. ఇవాళ చలి వదలని పై కొండ నుంచి ఇంకా వాడని పెద్ద పువ్వొకటి తెచ్చి, చిన్నదాని పక్కనే సీసాలో నిలబెట్టింది. మధ్యాహ్నం కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి చిన్న నల్ల ఈగ. పెద్ద పువ్వు మొహమైనా చూడలేదు. చిన్నదాని మీద వాలి, తల కిందికీ తోక పైకీ తిప్పుకుని గింజుకుంది. తోక చివర రెండు పసుపు ఉండలు అంటించుకుని పోయింది.

"ఏమన్నా వచ్చిందా?" వెనక నుంచి మనూసోస్. రొట్టె, ఆలివ్ కాయలు తెచ్చాడు. "ఈస్టరు ముందు ఉపవాసాలు కదా, జున్ను లేదు. తిను."

"వచ్చిందిరా. ఒక్కటే. చిన్నదాని మీదే వాలింది."

"ఇంకేం మరి! వేరే జాతి. తేలిపోయింది."

"ఒక్క ఈగరా. దారి తప్పి వచ్చిందేమో."

"నాకూ ఓపిక పోయిందక్కా. యంత్రం వాడికి ఏం చెప్పను?"

"మా అక్కకి తెలీదట అని చెప్పు."

"ఎవరింట్లో ఏం వండారో కూడా చెప్పేదానివి, నీకు తెలీదంటే వాడు నమ్మాలిగా!"

ఆమె నవ్వలేదు. "ఊహించి చెప్పడం ఒకసారి అయింది. ఇంక నా వల్ల కాదు."

మనూసోస్ ఆలివ్ గింజ ఉమ్మాడు. ఇన్నేళ్లలో ఆ ఉత్తరం మాట ఇద్దరి మధ్యా రాలేదు.

"ఆ కవరు మీద నిజంగా ఏమీ లేదా?"

"లేదు. నలుగురి గుమ్మాలూ ఎక్కి అడగాల్సింది. ఆ రోజు మంచు పడుతోంది, కాళ్లు లాగేస్తున్నాయి. గొర్రెలవాడి ఇల్లు దగ్గర. అడగలేదురా."

అతను పూలకేసి వంగాడు.

"వీటికి పేరేం పెట్టావు?"

"పెట్టలేదు. పెడితే ఊడదు."

"అవును. నాది ఊడలేదుగా." రొట్టె సంచి మడిచాడు. "లే. ఇంటికెళ్లి నడుం వాల్చు. నేను కూచుంటా."

"నీకేం కనిపిస్తుందిరా?"

"గురి చూసేవాడు ఒక కన్ను మూసుకుంటాడు కదటే. నాకు ఆ పని తప్పింది."

మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచింది ఆర్గిరో. "తల పైకుందో కిందికుందో చూడు. పుప్పొడి తోకకంటిందో నుదుటికంటిందో చూడు. ఏమీ రాకపోతే రాలేదనే చెప్పు."

"సరేలే, పోస్టమ్మా."

మలుపు దాకా వెళ్లేసరికి వెనక నుంచి అతని గొంతు వినిపించింది, ఫోన్లో అరుస్తున్నాడు. "సోమవారం వద్దు! ఈ ఏడే వద్దు! ఎందుకేంట్రా... ఈగ కోసం చూస్తున్నాం!"