బావ తాగిన బోరు నీళ్లు

అక్క కిడ్నీల జబ్బుతో పోయాక, దాని కూతుర్ని చూసుకునే మనిషి కావాలని నన్ను బావకిచ్చి చేశారు. ఇష్టమా అని మా ఇద్దరినీ ఎవరూ అడగలేదు. మా ఉద్దానంలో ఆ జబ్బు బోరు నీళ్ల వల్లే వస్తుందని భయపడి చాలామంది క్యాను నీళ్లు కొంటారు. మేమూ కొనేవాళ్లం.

ఒకరోజు జీడితోట నుంచి పెందలాడే వచ్చాను. పెరట్లో బావ బోరు కొట్టుకుని తాగుతున్నాడు.

"ఏటి బావా, ఇయ్యి తాగుతన్నావు?"

"క్యాను మీ ఇద్దరికే సాలదు. నాకలవాటేలే."

"ఎప్పట్నుంచి?"

"నువ్వొచ్చిన కాడ్నుంచి."

అతని చేతిలో చెంబు లాక్కుని ఆ నీళ్లే తాగబోయాను. బావ చెంబు పట్టుకుని పారబోశాడు.

"పిచ్చెక్కిందేటే? నీకేటైనా అయితే నేనేటైపోవాల?"

"నీకైతే నేనేటైపోవాల బావా?"

పెళ్లయ్యాక అతను నన్ను నిదానించి చూడడం అదే మొదలు.

మర్నాటి నుంచి సైకిలుకు రెండు క్యాన్లు కట్టుకొస్తున్నాడు. రక్తపరీక్షకు పలాస వెళదామంటే మాత్రం రేపంటాడు, ఎల్లుండంటాడు. అక్కకు ముందు పాదాలే వాచాయి. అందుకే రోజూ అతను లేవకముందే దుప్పటి తొలగించి పాదాలు నొక్కి చూస్తాను. మెలకువగానే ఉంటాడనుకుంటాను, కాళ్లు మాత్రం ముడుచుకోడు.