ఫ్రిజ్‌లో దాచిన సినిమా

మా కింది వాటా అంకుల్ పోయారని పోయిన నెల వాళ్ళబ్బాయి ఆస్పత్రి నుంచి ఫోన్ చేశాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ముందు ఏడుపు రాలేదు. వాళ్ళ ఫ్రిజ్ గుర్తొచ్చింది.

"ఫ్రిజ్ ఆన్‌లోనే ఉందా తమ్ముడూ?"

"నహీ భయ్యా, మొన్నే బంద్ కర్ దియా. అందులో తినేవేం లేవుగా."

బయట ఢిల్లీ మే నెల ఎండ.

ఆ ఫ్రిజ్‌లో నాలుగు రేకు డబ్బాలుండేవి. వాటిలో ఒక పాత నలుపు తెలుపు తెలుగు సినిమా. కాలేజీ కుర్రాళ్ళు క్లబ్బుల మోజులో పడి దొంగతనాలకి దిగే కథ. మీరెవరూ చూసి ఉండరు. అంకుల్‌కి తెలిసినంతలో వేరే ప్రింటు మిగల్లేదు. ఆయన మిలటరీలో సినిమా ఆపరేటర్. ధౌలా కువాన్ వైపు తెర కట్టి ఆడించేవారు. కుటుంబాలు వచ్చే ఆటకి క్లబ్బు డ్యాన్సు కత్తిరించేవారు, జవాన్ల ఆటకి మళ్ళీ అతికించేవారు. చివరిసారి కంగారులో తప్పుచోట అతికించారు.

"దొంగని జైల్లో వేశాక క్లబ్బులో ఆడించానయ్యా! ఈలలేశారు గాని ఒక్కడూ అడగలేదు," అని నవ్వేవారు. అంతలోనే ముఖం చిన్నబోయేది. "అది సరిచేయించి కంప్యూటర్లోకి ఎక్కించు. తీసినాయన నన్ను తిట్టుకుంటాడు."

ఆదివారాలు డబ్బా మూత తీసి వాసన చూసేవారు. పుల్లటి వాసన వస్తే ఫిలిం చచ్చిపోతున్నట్టట. కరెంటు పోతే ఆయన మొహం చూడలేకపోయేవాణ్ణి. నేనొచ్చిన కొత్తలో జ్వరం తగిలితే మూడు రోజులు చారన్నం మోసుకొచ్చిన మనిషి, నన్నడిగింది ఈ ఒక్కటే. "ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందంకుల్, వచ్చే వారం" అంటూ ఏడాది గడిపాను. "ఠీక్ హై" అనేవారు, నమ్మినట్టు.

దహనమైన మర్నాడు డబ్బాలు నోయిడాలో ఒక ల్యాబుకి పట్టుకెళ్ళాను. మూత తీయగానే గుప్పున పులుపు. మూడు రీళ్ళు ఎలాగో గట్టెక్కాయి. నాలుగోది అంచులు వంకర్లు పోయి ఉంది. టెక్నీషియన్ అంగుళం అంగుళం తిప్పుతుంటే ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. జైలు తలుపు మూసుకుంది. వెంటనే క్లబ్బు. అతుకు పక్కన, డ్యాన్సు మొదట్లో, తెర నిండా బొటనవేలి ముద్ర.

"సర్, యే సాఫ్ కర్ దూఁ?"

తుడవొద్దన్నాను. ముక్కని మాత్రం దాని చోటికి జరపమన్నాను.

ఇన్నేళ్ళకి దొంగ జైల్లోనే ఉండిపోయాడు. అంకుల్ వేలిముద్ర డ్యాన్సుతో పాటు క్లబ్బులోకి వెళ్ళింది.