గూడ్సు బండి కాళ్లు

కొత్త బూట్ల అట్టపెట్టె విప్పగానే తోలు, రబ్బరు కలిసిన వాసన వస్తుంది. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒక మనిషి గుర్తొస్తాడు. మొన్న వికారాబాదులో మా రైల్వే గ్యాంగుకు పనిబూట్లు వచ్చినప్పుడూ అంతే. అందరూ తమ జత వెతుక్కుంటుంటే నాకు మాత్రం నర్సింలు కాక కావాలనిపించింది. ఆయన ఉంటే ఆపాటికి ఒక్కో జతకు ఒక్కో పేరు పెట్టి అందరినీ నవ్వించేవాడు.

నేను రైలు పట్టాల పనిలో చేరినప్పుడు ఆయనే మా మేటు, అంటే గ్యాంగుకు పెద్ద. బూట్ల నంబరు చెప్పమంటే అందరి ముందూ "ఏడు" అన్నాను. నాది పది. చిన్నప్పటి నుంచి చేటకాళ్లదని పిలిపించుకున్నదాన్ని, పెళ్లిచూపుల్లో కుచ్చిళ్లు లాగి లాగి పాదాలు కప్పుకున్నదాన్ని, మగవాళ్ల ముందు పది అని ఎలా చెప్పను? వచ్చిన ఏడు నంబరు బూట్లలోనే వేళ్లు ముడుచుకుని పదిహేను రోజులు కంకర మీద నడిచాను.

ఒకరోజు ధారూరు దగ్గర పని చేస్తుండగా, బండి వస్తోందని కాపలా ఉన్నతను ఈల వేశాడు. అందరూ పక్కకు జరిగారు. నాకు కాలు లేవలేదు. కాక రెక్క పట్టి లాగకపోతే ఈ మాటలు రాయడానికి నేను ఉండేదాన్ని కాదు. బండి పోయాక ఆయన నన్ను కూర్చోబెట్టి బూట్లు విప్పించాడు. నా గోళ్లు నల్లబడి ఉన్నాయి.

"నంబరెంత బిడ్డా?"

"పది," గొణిగాను.

"గట్టిగ చెప్పు. గా పోయిన బండి డ్రైవర్‌కు గూడ ఇనపడాలె."

"పది!" అని ఏడుస్తూ అరిచాను.

"మరి గూడ్సు బండికి సైకిల్ చక్రాలేస్తె నడుస్తదా? పెద్దకాళ్లుంటె సిగ్గెందుకు? దాచి పానం మీదికి తెచ్చుకునుడే సిగ్గు."

ఆ ఆదివారమే నన్ను తాండూరు తీసుకెళ్లాడు. నాపరాళ్ల గనుల్లో పనిచేసేవాళ్లకు బూట్లు కుట్టే ఒక ముసలి సాయిబు నా పాదం చూసి, "మస్తు పాదం బేటీ, ఫికర్ చెయ్యకు" అన్నాడు. వారానికి పది నంబరు బూట్లు కుట్టిచ్చాడు. అవి వేసుకుని నేను పనిలోకి వస్తుంటే కాక కేక పెట్టేవాడు, "గూడ్సొస్తున్నది, జరుగుండ్రి!" తన బూట్లను రోడ్డు రోలర్లనేవాడు. అందుకేనేమో, జీవితంలో మొదటిసారి ఆ ఎగతాళికి నేనూ నవ్వాను.

రిటైరయ్యాక ఆయన ధారూరులోనే ఉన్నాడు. షుగరు ముదిరి ఎడమ పాదం తీసేశారని తెలిసి చూడబోయాను. నేను గడప దాటగానే దుప్పటి కాలి మీదికి లాక్కున్నాడు. "డబుల్ లైనుండె, సింగిల్ లైనయింది బిడ్డా," అని నవ్వాడు. చెయ్యి మాత్రం దుప్పటి అంచును వదల్లేదు. ఆయన సిగ్గుపడుతున్నాడని నాకు తెలిసింది. అయినా అది చూడనట్టే గ్యాంగు కబుర్లు చెప్పి, చాయ్ తాగి వచ్చేశాను. పెద్దాయనకు నేనేం చెప్పగలను అనుకున్నాను. రెండు నెలలకు ఆయన పోయాడు.

ఇప్పుడు ఏ దుకాణంలోనైనా, ఎంతమంది ఉన్నా పది అని గట్టిగానే చెబుతాను. "నా ముందర నీకు సిగ్గేంది కాకా, దుప్పటి తియ్యి," అన్న మాట మాత్రం ఆ రోజు నా నోట రాలేదు. అది ఇంకా నా దగ్గరే ఉండిపోయింది.